పసుపు గీత అంటే హైవే అన్నాను

సౌదీలోని రాబిగ్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి విజిట్ వీసా మీద వెళ్లినప్పుడు, మా జిల్లా రోడ్లన్నీ నేనే కొలిచి మ్యాపు గీశానని మనవరాలితో చెప్పాను. నిజానికి నేను రోడ్ల ఆఫీసులో టైపిస్టుని. కొలిచినవాళ్లు ఇచ్చిన కాగితాలు టైపు కొట్టేవాణ్ణి.

ఆ పిల్లను అప్పుడే అమెరికా సిలబస్ స్కూల్లో వేశారు. ఒక పరీక్ష పాసైతే అయిదో తరగతి, తప్పితే మళ్లీ నాలుగే. అమ్మాయీ అల్లుడూ రిఫైనరీ ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పనుల్లో మునిగి ఉన్నారు. చదివించే భారం నా మీద పడింది. పడలేదు లెండి, నేనే లాక్కున్నాను.

పాఠాలు రెండు. ఇంగ్లీషువాళ్లు మొదట్లో అమెరికాలో ఊరు కట్టుకోవడం ఒకటి. రోడ్డు మ్యాపు చదవడం రెండోది.

మొదటిది బాగానే సాగింది.

"బంగారం దొరుకుతదని పోయిన్రు బిడ్డా. నాగలి పట్టెటోడు తక్కువ. ఏటి ఒడ్డున దిగిన్రు గానీ, ఆ నీళ్లేమో ఉప్పు."

"మరేం తిన్నరు తాతా?"

"అక్కడోళ్లు మక్కలిచ్చిన్రు. అవి లేన్నాడు ఎలుకలు."

"ఛీ!"

రెండో పాఠంలో దిక్కులు, స్కేలు, మూలన ఒక డబ్బాలో గుర్తుల పట్టిక. "పట్టికెందుకే, నేనున్న గదా! పసుపు గీత నేషనల్ హైవే, పచ్చ గీత స్టేట్ హైవే" అన్నాను. మన దగ్గర కిలోమీటరు రాళ్ల తలలకు వేసే రంగులవి.

మర్నాడు పిల్ల పరీక్షకు బస్సెక్కాక, ఊరికే పుస్తకం తిప్పాను. ఆ పట్టికలో పసుపు అంటే చిన్న రోడ్డు, హైవేకి ఎరుపు. మ్యాపు మారితే రంగులూ మారతాయి, ముందు పట్టిక చూడండి అని కింద రాసి ఉంది. చేతిలోని పాలు లేని సులేమానీ చాయ్ పక్కన పెట్టి, ఆ ముక్క మళ్లీ చదివాను. నా నోటి దురదకు పిల్లకు ఏడాది పోయేట్టుంది.

మధ్యాహ్నం వచ్చి బ్యాగు సోఫా మీదికి విసిరింది. "పాస్!"

"పసుపు గీత ఏమని రాసినవే?"

"చిన్న రోడ్డు."

"నేను హైవే అని చెప్పిన గదా?"

"తాత చెప్పిందాంట్ల సగమే నమ్మాలని అమ్మ చెప్పింది. ఏ సగమో తెల్వక మొత్తం పుస్తకంలనే చూసుకున్న."

నా మాట ఒకరు నమ్మనందుకు అంత హాయిగా ఊపిరి పీల్చుకోవడం నాకదే మొదలు.

సాయంత్రం అల్లుడు ఇంటికొచ్చి, "మామా, మీరే చదివిచ్చిన్రట?" అన్నాడు.

"లేదయ్యా" అన్నాను బుద్ధిగా. "అది చదువుకుంటుంటే పక్కన కూసున్న, గంతే."

"కూసోలేదు డాడీ," అంది పిల్ల, "పండుకున్నడు."