ఖాళీ బుడగల మీద ఇద్దరి అభిప్రాయాలు

తాండూరు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పడానికి బదిలీ మీద వచ్చిన కొత్తలో, చివరి గంట కొట్టాక నాతో మాట్లాడేవాళ్లు ఎవరూ ఉండేవారు కాదు. ఒక మేడ మీద గది అద్దెకు తీసుకున్నాను. కింద ఇంటివాళ్లు మంచివాళ్లే. కానీ వాళ్లింట్లో నడిచేది కన్నడ. భోజనాల వేళ అందరూ నవ్వుకుంటుంటే మెట్ల మీద ఒక క్షణం ఆగి వినేదాన్ని. ఎందుకు నవ్వుతున్నారో తెలిసేది కాదు. మళ్లీ పైకి వచ్చి, నాపరాళ్ల నేల మీద చాప పరుచుకుని పుస్తకం తీసేదాన్ని.

ఆ రోజుల్లోనే ఒక మాంగా నా చేతికి వచ్చింది. జపాన్ వాళ్ల బొమ్మల కథ అన్నమాట. ఉర్దూ పుస్తకంలా కుడివైపు నుంచి మొదలుపెట్టి చదవాలి. నేను తెప్పించుకున్నది ఇంగ్లీషు అనువాదం. కథ జరిగేది మరో గ్రహం మీద. అక్కడి గాలిలో శబ్దం చాలా నెమ్మదిగా నడుస్తుంది. ఒకరు అన్న మాట ఎదుటివాళ్లను చేరడానికి ఏళ్లు పడుతుంది. అప్పటికి ఆ ఎదుటివాళ్లు ఎక్కడుంటారో, అసలు ఉంటారో లేదో. అలా ఆలస్యంగా వచ్చే మాటల్ని ఒక గదిలో కూర్చుని విని, అవి ఎవరికి చెందాలో వెతికి అప్పగించడం ఒక అమ్మాయి ఉద్యోగం.

విచిత్రం ఏమిటంటే, ఆ పుస్తకంలో మనుషులు మాట్లాడుతున్నప్పుడు వాళ్ల నోటి పక్కన గీసే బుడగలు ఖాళీగా ఉంటాయి. అందులో ఉండాల్సిన మాట రెండు మూడు సంపుటాల తర్వాత ఎక్కడో వస్తుంది. అప్పుడు మనం వెనక్కి వెళ్లి, ఇది ఫలానా మనిషి ఫలానా చోట అన్న మాట అని పోల్చుకోవాలి.

ఇంటర్నెట్లో పాఠకులు దీని మీద కొట్టుకునేవారు. ఇది కథే కాదని ఒకరు, చదివి రెండు రోజులు అన్నం తినలేదని మరొకరు. గాలిలో శబ్దం అంత నెమ్మదిగా నడవదు, రచయితకు సైన్సు రాదు అని ఇంకొకరు. ఫిజిక్స్ చెప్పేదాన్ని కాబట్టి ఆ చివరి మాట నేను కూడా ఒప్పుకోవాలి. అయినా పుస్తకం వదల్లేకపోయాను. నా అభిప్రాయం కూడా రాద్దామని ఎన్నోసార్లు మొదలుపెట్టి చెరిపేశాను. నేను నాలుగు వాక్యాలు కూడగట్టుకునే లోపు వాళ్ల తగువు ఇంకో విషయం మీదికి పోయేది.

ఎదురుగా కూర్చుని ఒక్కరైనా దీని గురించి మాట్లాడితే బాగుండునని ఉండేది. వికారాబాద్ లైబ్రరీలో ఆదివారాలు ఒక చిన్న గది ఖాళీగా ఉంటుందని తెలిసి, వెళ్లి అడిగాను. అక్కడి పెద్దాయన నన్నూ పుస్తకాన్నీ మార్చి మార్చి చూసి, ఎవరొస్తారమ్మా అన్నాడు. అయినా గది ఇచ్చాడు. గోడకు కాగితం అంటించాను: జపాన్ బొమ్మల కథ మీద మాటామంతీ, ఎవరైనా రావచ్చు అని.

మొదటి ఆదివారం ఎవరూ రాలేదు. బల్ల మీద పుస్తకాలు పరిచి, ఎండ కిటికీ ఊచల నీడల్ని జరుపుతుంటే చూస్తూ కూర్చున్నాను. తర్వాతి ఆదివారం కూడా అంతే అనుకుంటుండగా తలుపు దగ్గర ఒకామె నిలబడింది. ముప్పై ఏళ్లుంటాయి. చేతిలో పోటీ పరీక్షల పుస్తకాలు.

"మేడం, గీడ కూసోవచ్చా? ఆ రూముల ఫ్యాను నడుస్తలేదు" అంది.

కూర్చోమన్నాను. తన పుస్తకం తెరిచింది కానీ చూపులు నా బల్ల మీదే ఉన్నాయి. కాసేపటికి ఒకటి తీసుకుని తిరగేసింది. ఇందులో మాటలు లేవేంటని అడిగింది. కథ చెప్పాను. చెప్తుంటే నాకే నవ్వొచ్చింది, ఆమె మాత్రం నవ్వలేదు. వారం రోజులు ఇస్తారా అని అడిగి పట్టుకెళ్లింది.

వాళ్లది పెద్దేముల్ దగ్గర పల్లె. పుట్టింట్లో ఇప్పటికీ గొర్లున్నాయి. తను వికారాబాద్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తూ, ఆదివారాలు ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటోంది. ఈ సంగతులన్నీ తర్వాత తెలిశాయి.

వారం తర్వాత పుస్తకం తిరిగి ఇచ్చింది. తెరిచి చూస్తే ఖాళీ బుడగల నిండా పెన్సిల్ రాత, తెలుగులో. పేజీ మూల మడిచినా సహించని మనిషిని నేను.

"కాళీగ ఉంటె మనసున పట్టలే మేడం. ఏమన్నరో అనుకొని రాసిన. పెన్సిలే, తుడిస్తె పోతది" అంది.

రబ్బరు కోసం చేతిసంచిలో వెతుకుతూనే చదివాను. రొట్టెలు కాలుస్తున్న ముసలామె పక్కన, తిన్నవా అని రాసింది. పరుగెత్తుతున్న పిల్లవాడి పక్కన, జర ఆగు నేనూ వస్త అని. ఒక చోట స్టేషన్ బొమ్మ ఉంది. బండిలో కూతురు, కింద ప్లాట్‌ఫాం మీద తల్లి. తల్లి నోరు తెరిచి ఉంది, బుడగ ఖాళీ. అందులో చిన్న అక్షరాలతో రాసింది: పోకు బిడ్డా, నాకెవ్వలున్నరు.

వెతకడం మానేశాను. ఆ బుడగల్ని నేను అప్పటిదాకా జవాబు రావాల్సిన లెక్కల్లాగే చూశాను. ఆ తల్లి నిజంగా ఏదో అంటోందని నాకు తట్టనే లేదు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం తాండూరులో పొద్దున బండి ఎక్కేదాన్ని. గదిలో మేమిద్దరమే. ఆమెకు ఆ పుస్తకం నచ్చలేదు. ఆ మాట ప్రతివారం చెప్పేది, చెప్తూనే తర్వాతి సంపుటం అడిగేది. ఆ పిల్లకు పెండ్లీ పేరంటం లేదా, గదిలో ఎన్నేండ్లు కూర్చుంటుందని రచయిత మీద విసుక్కునేది. ఇంటర్నెట్లో ఇలాంటి విమర్శ నాకెక్కడా కనపడలేదు.

కొన్నాళ్లకు స్టేషన్ తల్లి మాట బయటపడే సంపుటం వచ్చింది. ఇద్దరం కలిసే ఆ పేజీ తిప్పాం. తల్లి అన్నది ఇంతే: కిటికీ వేసుకో, చలిగాలి.

ఆమె ముఖం చిన్నబోయింది. "గంతేనా? అన్నేండ్లు తిరిగొచ్చిన మాట గిదేనా?"

స్టేషన్లో మనుషులు అలాంటివే మాట్లాడతారని నేనన్నాను. తను ఊరు విడిచి వస్తుంటే వాళ్లమ్మ అలా అనలేదని, పోవద్దని చెయ్యి పట్టుకుందని ఆమె చెప్పింది. అప్పుడు నేను ఎవరితోనూ చెప్పని సంగతి చెప్పాను. మా అమ్మ పోయే ముందు రోజు ఫోన్లో నన్ను చివరిగా అడిగింది, గ్యాస్ కట్టేశావా అని. కట్టేశానన్నాను. అంతే, పెట్టేసింది.

ఆమె నా చేతి మీద చెయ్యి వేసి, తీసేసింది.

"అయినా నాకు నచ్చలే మేడం" అంది.

వానాకాలం వెళ్లేసరికి ఆమెకు ఉద్యోగం వచ్చింది, ఖమ్మం దిక్కు. మిఠాయి డబ్బాతో వచ్చి చెప్పింది. నాకు నిజంగానే సంతోషం కలిగింది. తిరుగు బండిలో ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నప్పుడు, వచ్చే ఆదివారం ఏం చేయాలా అన్న ఆలోచన వచ్చింది. ఆ తర్వాత కూడా కొన్ని వారాలు లైబ్రరీకి వెళ్లాను. పెద్దాయన గది తాళం తీసి, ఏమీ అడగకుండా వెళ్లిపోయేవాడు. ఒక వారం జ్వరమని మానేశాను. ఆపైన జ్వరం లేకున్నా మానేశాను.

చివరి సంపుటం వచ్చినప్పుడు ఒక్క మధ్యాహ్నంలో చదివేశాను. మాటలు వినే ఆ అమ్మాయికి, ఇన్నాళ్లకు తన పేరు మీద ఒక మాట వస్తుంది. ఆమె వింటుంది. బుడగ ఖాళీ. పుస్తకం అక్కడ అయిపోయింది. నాకు చాలా కోపం వచ్చింది. ఇంటర్నెట్లోకి వెళ్లి మొదటిసారి ఒక అభిప్రాయం రాశాను, ఇది అన్యాయమని. దానికి ఎవరూ బదులివ్వలేదు.

పరీక్షల పని మీద వికారాబాద్ వెళ్లి తిరిగొస్తుంటే బండిలో ఫోన్ మోగింది. ఆమే. బస్సు కోసం నిలబడ్డానని, కథ ఏమైందో చెప్పమని అడిగింది. చదివే తీరిక లేదట. నేను మొదలుపెట్టి చివరిదాకా చెప్పాను. పక్క సీట్లో కూలికి పోయి వస్తున్న ఆడవాళ్లు కూడా మాటలు ఆపి విన్నారు.

"అంటె గా పిల్లకు ఏం ఇనొచ్చిందో చెప్పనే లేదా?"

"చెప్పలేదు. అదే నాకు నచ్చలేదు."

"మంచిగ జేసిండు అక్కా" అంది. నన్ను అక్కా అనడం అదే మొదలు. "అది గా పిల్లకొచ్చిన మాట. మనకెందుకు చెప్పాలె?"

నేను ఒప్పుకోలేదు. ఇన్నేళ్లు వెంట నడిచిన పాఠకులకు ఆ మాత్రం చెప్పొద్దా అన్నాను. ఆమె ఏదో అంటోంది. ధారూర్ దాటాక సిగ్నల్ అందక గొంతు ముక్కలు ముక్కలై ఆగిపోయింది. మళ్లీ చేస్తుందని ఫోన్ చేతిలోనే పట్టుకున్నాను. నేను కూడా రెండుసార్లు ప్రయత్నించాను. బస్సు ఎక్కేసి ఉంటుంది.

తాండూరులో దిగేసరికి సాయంత్రం ఎండ వాలుతోంది. స్టేషన్ బయట ఆమె పల్లె వైపు వెళ్లే షేర్ ఆటో దాదాపు నిండింది. డ్రైవర్ నన్ను చూసి, ఇంకొక్కరే కావాలి, పెద్దేముల్, పెద్దేముల్ అని పిలిచాడు. నేను అటు కాదని చెప్పి, గది వైపు నడిచాను.