మా నాయన నా కోసం తెచ్చిన బండ

మా ఇంటి మగవాళ్ళు యాభై దాటరన్న మాట నందికొట్కూరు చుట్టుపక్కల కరువెంత పాతదో అంత పాతది. మా నాయన తండ్రిని మేము అబ్బ అనేవాళ్ళం. అబ్బ దాటలేదు. నాయనా దాటలేదు. చిన్నాయన గట్టిగానే ప్రయత్నించాడు గానీ, ఆయన వల్ల కూడా కాలేదు.

జబ్బు పేరు ఎవరూ పలికేవారు కాదు. "కడుపులో చేరింది" అనేవారు, చుట్టం వచ్చి ఇంట్లో చేరినట్టు. అంత చప్పగా పోతే మనిషికి మర్యాద ఏముంటుంది? అందుకే వాళ్ళ చావులకు కథలు నేను కట్టేవాణ్ణి. నా లెక్కలో అబ్బ చిరుతపులితో కుస్తీ పట్టి పోయాడు. అబ్బ తిరిగిన చేలలో పిల్లి కంటే పెద్ద జంతువు లేదని ఊరందరికీ తెలుసు, అయినా అందరూ వినేవాళ్ళు.

నాయన ముందుచూపు గల మనిషి. అబ్బను చర్చి వెనక మట్టిలో పెట్టి వచ్చాక, ఎర్రగుంట్ల దగ్గరి గనుల నుంచి లారీలో మూడు నల్లబండలు తెప్పించి ఇంటి గోడకు ఆనించాడు. సమాధి మీద పరిచే బండలు. ఒకటి తనకు, ఒకటి చిన్నాయనకు, ఒకటి నాకు. నాకప్పటికి మీసం కూడా మొలవలేదు.

"ఇప్పుడే ఎందుకు నాయనా?" అన్నాను.

"అప్పటికప్పుడంటే యాడ దొరుకుతాయిరా?"

పక్కనే ఉన్న మా చెల్లెలు ఏడుపు మొదలుపెట్టింది. "నాకేది?"

"నీకెందుకే? నువ్వు వేరే ఇంటికి పోయేదానివి. ఇంటిపేరే మారిపాయ, ఇంగ ఈ జబ్బు నీ ఎనక యాడొస్తాది?" అన్నాడు నాయన, వరమిచ్చినట్టుగా.

ఆ మాట మా ఇంట్లో బైబిలు వాక్యం పక్కన చోటు సంపాదించుకుంది. రెండు బండలు వాటి పని మీద అవి పోయాయి. మూడోది గోడకు మిగిలింది. ఎండాకాలంలో మా అమ్మ దాన్ని పడుకోబెట్టి వడియాలు పెట్టేది. నా సమాధి బండ మీద ఎండిన వడియాలు నేనే నంజుకుని తిన్నాను. ఈ ఒక్కటి మాత్రం కథ కాదు.

నలభై ఎనిమిదో ఏట నాకు మలంలో రక్తం కనిపించింది. కర్నూలు పోయాను. పేగులోకి కెమెరా గొట్టం పంపి చూడాలన్నారు. దానికి ముందు కడుపు కడిగే మందు తాగించారు. తుంగభద్రకు వరదొచ్చిందని కింది ఊళ్ళలో దండోరా వేశారంటే, దానికి కారణం నేనే. గడ్డ ఇంకా చిన్నదిగా ఉండగానే దొరికింది. పేగులో కొంత కోసి తీసేశారు.

డాక్టరమ్మ వయసులో చిన్నది. ఇంట్లో ఎవరెవరు ఎలా పోయారని అడిగింది. నేను చిరుతపులి నుంచి మొదలుపెట్టాను. ఆమె పూర్తిగా విని, "చిరుతపులి కంటే ముందు ఆయనకు మలంలో రక్తం పడేదా?" అంది. పడేది. నాయనకూ పడేది. చిన్నాయనకూ పడేది.

"ఆడవాళ్ళలో?"

"ఆడోళ్ళకు రాదమ్మా, ఇంటిపేరు మారుతుంది కదా."

"మీ మేనత్తలు?"

ఉన్నది ఒక్క మేనత్తే. గర్భసంచి క్యాన్సరుతో పోయింది. అది వేరే ఇంటి చావని మా వాళ్ళు మా లెక్కలోకి తీసుకోలేదు. అదీ ఇదీ ఒకే వేరు నుంచి వచ్చి ఉండొచ్చని డాక్టరమ్మ చెప్పి, నా రక్తం పరీక్షకు పంపింది. ఆమె అనుమానమే నిజమైంది. నేను పుట్టినప్పుడే నా జన్యువుల్లో ఒకటి దెబ్బతిని ఉంది. అది జబ్బు కాదట, జబ్బుకు తలుపు ఓరగా తెరిచిపెట్టడమట. అమ్మానాన్నల్లో ఒకరికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సగం. ఆడా మగా తేడా లేదు, ఇంటిపేరుతో దానికి పని లేదు. ఉన్నవాళ్ళు క్రమం తప్పకుండా గొట్టం పరీక్ష చేయించుకుని, పేగులో బుడిపెలు కనబడితే ముదరకముందే తీయించుకోవాలి.

"మీకు తోబుట్టువులు ఉన్నారా?" అంది.

మా చెల్లెలు ఎర్రగుంట్లలో ఉంది. భర్త సిమెంటు లారీ నడుపుతాడు. మొలలని చెప్పి ఏడాదిగా నాటుమందు మింగుతోంది. ఫోను చేసి అంతా చెప్పాను. పగలబడి నవ్వింది.

"నీ మాటల్లో సగం తీసేయాలన్నా. మిగిలిన సగం ఎండబెట్టాల. అయినా అది మీ ఇంటి జబ్బు, నాకేం?"

పాస్టరుగారితో చెప్పించాను, వినలేదు. మా అమ్మ ఏడ్చి చెప్పింది, వినలేదు. జీవితంలో మొదటిసారి నిజం చెబితే కొనేవాడు లేడు. నాకు ఒళ్ళు మండింది. నలుగురిని తిన్నది చాలదా ఈ జబ్బుకి? మా చెల్లెల్ని కూడా ఇవ్వాలా? ఇవ్వను.

టెంపో మాట్లాడి, గోడకున్న నా బండను ఎక్కించుకుని ఎర్రగుంట్ల పోయి, చెల్లెలి వాకిట్లో దింపించాను. వీధంతా బయటికి వచ్చింది.

"ఏందన్నా ఇది?"

"నాయన నాకు పెట్టిన బండ. నాకు అక్కర లేకపాయ. చిన్నప్పుడు నాకేదని ఏడిస్తివి కదా, తీసుకో. పేరు చెక్కించుకో."

"తిక్కలోడా! పొద్దున్నే ఇంటి ముందర సమాధి బండ దింపుతావా? నాకెందుకు? నా ఇంటిపేరు మారింది!"

"అత్తది కూడా మారింది. యాడుండాది అత్త?"

అది చేతిలో చీపురు కింద పడేసి బండ మీదే కూలబడింది. దుమ్ము పట్టిన ఆ నలుపు మీద వేలితో గీతలు గీసింది.

"శానా నొప్పి పెడతాదా అన్నా?"

"పరీక్షప్పుడు మత్తిస్తారు, తెలీదు. ముందు తాగే మందు మాత్రం నిన్ను ఏడిపిస్తాది."

"నీ మాటల్లో సగం..."

"ఈసారి ఏం తీసేయొద్దు మే."

మరుసటి వారమే కర్నూలు వచ్చింది. దానికీ అదే జన్యువు. మొలలు కాదు, పేగులో బుడిపెలు. ఒకటి బాగా పెద్దది. గొట్టంతోనే తీసేసి పరీక్షకు పంపారు. ఇంకా క్యాన్సరు కాలేదు, వదిలేసి ఉంటే అయ్యేదన్నారు. గర్భసంచిని కూడా కనిపెట్టి ఉండాలన్నారు. దాని కొడుకులు పెద్దయ్యాక వాళ్ళకూ పరీక్ష ఉంటుంది. ఇప్పుడు ఏడాదికోసారి అన్నాచెల్లెళ్ళం ఒకే బస్సులో కర్నూలు పోతాం. మందు తాగాక ఎవరు ముందు పరుగెత్తుతారని పందెం. ఇంతవరకు అదే గెలుస్తోంది.

బండను వెనక్కి తెద్దామని టెంపోతో మళ్ళీ పోయాను. చెల్లెలు చేతులు అడ్డం పెట్టింది.

"యాడికి తీస్కపోతాండావు? నాకిచ్చినావు కదా!"

తాపీమేస్త్రీని పిలిపించి దాన్ని వంటగట్టుకు వేయించుకుంది. ఈ ఏడాది నాకు యాభై దాటింది. కేకు దాని ఇంట్లో, ఆ గట్టు మీదే కోశాం. ఇరవై ఊళ్ళ జనం వచ్చారు. సరే, సగం తీసేయండి. నేను కత్తి కాస్త గట్టిగా నొక్కానో లేదో, చెల్లెలు నా చేతి మీద ఒక్కటి వేసింది.

"మెల్లగన్నా! నా బండ మీద గీత పడతాది."