పాలు పిండే పట్టు

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్లు నిండిన ఏడాది, నా చేతులు నా మాట వినడం మానేశాయి. పలక మీద గీత గీస్తే వంకర పోయేది. అన్నం ముద్ద నోటికి చేరేలోపు సగం ఒళ్లో పడేది. మొహం కూడా దానంతటదే వంకర్లు తిరిగేది. తనను వెక్కిరిస్తున్నాననుకుని బళ్లో అయ్యవారు నాలుగు దెబ్బలు వేసి ఇంటికి పంపేశారు.

మాది చిట్టమూరు దగ్గర పల్లె. తల్లి లేని నన్ను మా అవ్వే పెంచింది. ఆమెకు అక్షరం ముక్క రాదు గానీ, మూడు బర్రెల పాలు ఒంటిచేత్తో పిండి, వాటి మీదే ఇల్లు నడిపింది. నాకూ పాలు పిండడం నేర్పింది. ఒకరోజు నా చేతిలోని చెంబు ఎగిరిపడి ఆ పూట పాలన్నీ నేలపాలయ్యాయి. అవ్వ చెంప పగలగొట్టింది. అంతవరకూ ఆమె నన్ను కొట్టి ఎరగదు. పాపకు గాలి సోకిందనీ, మణికట్ల మీద వాతలు పెడితే కుదురుతుందనీ వీధిలో పెద్దలు తేల్చేశారు. మంగళవారం ముహూర్తం కూడా పెట్టారు. ఆ భయంతో నా చేతులు ఇంకా ఎక్కువ ఎగిరేవి.

పక్కింటి అక్క మిషన్ ఆసుపత్రిలో నర్సు. ఆదివారం చర్చి నుంచి వస్తూ నన్ను చూసి మా గడపలోనే కూర్చుండిపోయింది. "వాతలు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు అవ్వా, ముందు మద్రాసుకు పోయిరా" అంది. అవ్వ గొణుక్కుంటూనే మర్నాడు నాయుడుపేటలో రైలెక్కించింది.

అంత పెద్ద ఆసుపత్రిని నేనెన్నడూ చూడలేదు. నరాల జబ్బుల విభాగంలో నన్నొక బల్ల మీద కూర్చోబెట్టారు. చుట్టూ తెల్లకోట్లు వేసుకున్న చదువుకునే డాక్టర్లు పదిమంది, మధ్యలో వాళ్లకు పాఠం చెప్పే పెద్ద డాక్టరు గారు. మా వైపు నుంచే వచ్చిన ఒక కుర్ర డాక్టరు నన్ను కాసేపు చూసి, బడి ఎగ్గొట్టడానికి పిల్ల నటిస్తోందని ఇంగ్లీషులో ఆయనకూ, తెలుగులో మాకూ చెప్పాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందని అవ్వ పైకే అనేసింది. ఇక వాతలే గతి అనుకున్నాను.

పెద్ద డాక్టరు గారికి కోపం రాలేదు. స్టూలు తానే లాగి అవ్వను కూర్చోబెట్టారు. అరవం కలిసిన తెలుగులో, ఎందుకలా అన్నావమ్మా అని అడిగారు.

"నాటకమైతే ఆకలి మీదుండే బిడ్డ ముద్ద జారవిడస్తదా సామీ? నేను తలుపు చాటు నుంచి కూడా చూసినా. ఎవురూ లేకపోయినా దాని చేతులు ఆగవు" అంది అవ్వ.

ఆయన ఆ మాట కాగితం మీద రాసుకున్నారు. మా అవ్వ మాటను ఒకరు రాసుకోవడం నేను చూడడం అదే మొదలు. తర్వాత తన రెండు వేళ్లు నా గుప్పిట్లో పెట్టి గట్టిగా పట్టుకోమన్నారు. ఎంత పట్టుదలగా పట్టుకున్నా నా పిడికిలి బిగిసేది, వదులయ్యేది, మళ్లీ బిగిసేది. విద్యార్థులందరి చేతా అలాగే వేళ్లు పెట్టించారు. వాళ్లెవరూ ఏమీ చెప్పలేకపోయారు. చివరికి అవ్వను పెట్టి చూడమన్నారు.

అవ్వ వేళ్లు పెట్టిన మరుక్షణం నోరు తెరిచింది. "ఓరి దేవుడా, ఇది నా వేళ్లకు పాలు పిండతా ఉండాదే!"

పెద్ద డాక్టరు గారి మొహం వెలిగిపోయింది. ఈ జబ్బులో చేతిపట్టు పాలు పిండినట్టు ఉంటుందని తమ వైద్య పుస్తకాల్లో రాసి ఉందనీ, పుస్తకం చూడకుండా ఆ మాట చెప్పిన మనిషిని ఇన్నేళ్లలో ఈమెనే చూశాననీ ఆయన విద్యార్థులకు చెప్పారు. కుర్ర డాక్టరు తలదించుకుని నా చేతిని మళ్లీ తీసుకున్నాడు. ఈసారి చాలాసేపు పట్టుకున్నాడు.

చేతులు ఇలా కావడానికి ముందు గొంతునొప్పీ, కీళ్ల వాపులతో జ్వరం వచ్చిందా అని పెద్ద డాక్టరు గారు అడిగారు. వచ్చిందని అవ్వ నెలతో సహా చెప్పింది. ఇది గాలీ కాదు, నటనా కాదు, ఆ జ్వరం తాలూకు జబ్బు అన్నారు. కొన్ని నెలల్లో చేతులు కుదురుకుంటాయి గానీ ఆ జ్వరం మళ్లీ వచ్చి గుండెకు దెబ్బ తగలకుండా ఇంజెక్షన్లు మాత్రం ఏళ్ల తరబడి మానకూడదన్నారు. అవ్వ నా చెంప నిమిరి, కొట్టినానే తల్లీ అని అందరి ముందూ ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. లోకంలో ఇంత తెలిసినవాళ్లు ఉంటారా, వాళ్లకు తెలిసినదే మా అవ్వ వేళ్లకూ తెలుసా అని నోరెళ్లబెట్టి చూస్తూ ఉండిపోయాను.

ఆ చేతులు కుదుటపడ్డాయి. వాటితోనే ముప్పై ఏళ్లకు పైగా పంతులమ్మగా బోర్డు మీద రాశాను. రాత వంకర పోయే బిడ్డ ఎదురైతే కోపం తెచ్చుకునే ముందు నా రెండు వేళ్లు చాచేదాన్ని. పిల్లలు నవ్వుతూ పట్టుకునేవాళ్లు. ఒకే ఒక్కసారి, రెండో తరగతి పిల్ల గుప్పిట్లో నా వేళ్లకు ఆ పట్టు తగిలింది. ఆ పూట బడి మధ్యలోనే వదిలి, దాన్ని చంకనెత్తుకుని వాళ్లమ్మ దగ్గరికి పరుగెత్తాను.