యాదగిరన్న పొగడ్తలు, స్వరూపక్క కుట్లు

నాచారంలోని ఒక డే-కేర్ సర్జరీ సెంటర్లో నేను హోమ్ విజిట్ మేల్ నర్సుగా చేరింది కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. ముప్పై రెండో ఏటే ఆ పనిలోంచి రిటైరయ్యాను. మా ఇంట్లోవాళ్లు దాన్ని ఉద్యోగం మానేయడం అంటారు. డే-కేర్ అంటే పొద్దున కోసి, సాయంత్రానికి ఇంటికి పంపడం. మిగతా ఆస్పత్రి అంతా ఇంట్లోవాళ్ల నెత్తిన పడుతుంది. వాళ్లెలా నెట్టుకొస్తున్నారో చూడడం, కట్టు మార్చడం నా డ్యూటీ. నా పైన సర్జన్, నా కింద నా బండి.

ఉప్పల్‌లో స్వరూపక్కకు బొడ్డు దగ్గర హెర్నియా. లోపల దోమతెర లాంటి జాలీ పెట్టి కుట్టారు. అది అతుక్కునేలోపు బరువెత్తితే కథ మళ్లీ మొదటికొస్తుంది. భర్త యాదగిరన్న మందుల కంపెనీలో మిషన్ ఆపరేటర్. సెలవు పెట్టి వంట చేశాడు, గిన్నెలు తోమాడు. లోపల సింకుండగా వాకిట్లో కూర్చుని మరీ తోమాడు. పరామర్శకు గల్లీ అంతా కదిలింది, ఆయన్ని చూడడానికి.

"నీ అసుంటోడు యాడుంటడే అన్నా!" అంటూ పక్కింటి లక్ష్మమ్మ కళ్లొత్తుకుంది. నాకు మండింది. కట్టు మార్చింది నేను. నా వైపు చూసి ఎవరి కళ్లూ చెమర్చలేదు.

రెండో విజిట్‌కి వెళ్లేసరికి స్వరూపక్క నల్లా దగ్గర నిండు బిందె ఎత్తుతోంది. దింపించి, పడుకోబెట్టి, కట్టు విప్పాను. కాస్త తడి. అరచేయి ఆనించి దగ్గమన్నాను. కుట్లు వదిలితే చేతికి ఉబ్బు తగులుతుంది. తగల్లేదు. సర్జన్‌కి ఫోన్ చేశాను. ఇంకోసారి ఎత్తితే మళ్లీ టేబులెక్కాల్సిందేనని చెప్పమన్నారు.

ఎందుకెత్తావక్కా అంటే అసలు సంగతి బయటపడింది. "పోయినేడు ఈయనకు గిదే ఆపరేషన్. నేను బడిల వంట చేసొచ్చి, ఈయన్ని లేపి, కూసోబెట్టి తినబెట్టిన. నువ్వు తిన్నవా స్వరూపా అని ఒక్కలన్న అడిగిన్రా? ఈయన నాలుగు గిన్నెలు కడిగితే గుడి కట్టేటట్టున్నరు!"

అప్పుడే లక్ష్మమ్మ కొబ్బరిబొండాలతో వచ్చింది. గుమ్మంలో నిలబడి అంతా విన్న యాదగిరన్న మొహం చిన్నబుచ్చుకుని ఆమె ముందే అన్నాడు: "నన్ను సూసుకున్నది గీమెనే. మీరెవ్వరు అడగలే. నేను గూడ అడగలే."

లక్ష్మమ్మ బొండాలు కింద పెట్టింది.

"ఒప్పుకునే మగోడు యాడున్నడు! ఎంత పెద్ద మనసన్నా నీది!" లక్ష్మమ్మ మళ్లీ కొంగు తీసింది.

స్వరూపక్కకు నవ్వాగలేదు. నవ్వితే కుట్లు లాగుతాయి కాబట్టి పొట్టకు దిండు అదిమిపెట్టాను. అది పద్ధతే. నవ్వు సద్దుమణిగాక అంది: "గింత గొప్పోడు ఇంట్ల ఉండంగ నేనెందుకు లేవాలె? పో దేవుడా, నీళ్లు పట్కరా."

జాలీ అతుక్కునేదాకా ఆమె బిందె ముట్టలేదు. గల్లీకి ఆయన అలవాటైపోయి పొగడ్తలు ఆగాయి. పని మాత్రం ఆయనకే మిగిలింది.

అప్పట్నుంచి ఏ ఇంట్లోనైనా కట్టు విప్పేముందు అడిగేవాణ్ని: పోయినసారి ఇక్కడ మంచాన పడిందెవరు, చూసుకుందెవరు? వద్దన్నా మంచం దిగే పేషెంట్లలో ఒంటి సంగతి తెలియనివాళ్లు తక్కువ. తమ వంతు చాకిరీని ఎవరూ చూడలేదని మండేవాళ్లే ఎక్కువ.