బీరువాలో కాలు

మా క్లబ్బులో సభ్యులు ఒకరినొకరు బ్రదర్ అని పిలుచుకుంటారు. మా సాయం అందుకునేవాళ్లను మాత్రం లబ్ధిదారులు అంటాం. వరంగల్‌లో ఆ క్లబ్బుకు నేను కార్యదర్శిగా ఉన్న ఏడాది, వర్ధన్నపేట దగ్గరి ఒక రైతుకు కృత్రిమ కాలు ఇప్పించాం. ట్రాక్టర్ కింద పడితే అతని కుడికాలు మోకాలి కింద తీసేశారు.

కొలతలు తీసుకునే రోజున అతను అడిగింది ఒక్కటే, మేడారం జాతరకల్లా కాలు వస్తుందా అని. కొత్త కాలితో భర్తను అమ్మవార్ల గద్దెల దాకా నడిపించి, అతని బరువంత బెల్లం సమర్పిస్తానని భార్య మొక్కుకుంది. జాతర రెండేళ్లకోసారి. తప్పకుండా వస్తుందన్నాను. హామీలివ్వడంలో మా క్లబ్బు ఎప్పుడూ వెనకబడలేదు.

నిజంగానే వచ్చింది, జాతరకు పన్నెండు రోజుల ముందు. అయితే ముఖ్య అతిథి చేతుల మీదుగా, ఫొటోతో తప్ప ఏదీ ఇవ్వకూడదన్నది మా ఆచారం. జాతర అయ్యేదాకా ఆయనకు తీరిక లేదు. జాతరకు పోతున్నారు. కాలు నా ఆఫీసు బీరువాలో, కొత్త చెప్పు తొడుక్కుని, ఫైళ్ల పక్కన నిలబడింది.

రోజు విడిచి రోజు రైతు భార్య ఫోన్ చేసేది. బీరువాకు వీపు పెట్టి కూర్చుని, ఇంకా రాలేదమ్మా, దారిలో ఉంది అనేవాణ్ణి. ఆమె ఒక్కసారి కూడా అనుమానించలేదు.

జాతర అయిన మరుసటి వారం సభ పెట్టాం. కాలు తొడగడానికి వచ్చిన టెక్నీషియన్ పట్టీలు బిగిస్తూ, మూడు వారాల కింద పంపిన కాలును ఇన్నాళ్లు ఎందుకు వేసుకోలేదని అతన్నే మందలించాడు. రైతు నా వైపు చూశాడు.

"జాతర ముందటనే వచ్చిందా సార్?"

అవునన్నాను.

"మొక్కుల ఏదో తప్పు జరిగిందని, అమ్మలకు కోపమొచ్చిందని మా ఇంటామె ఒక్కపూటనే తింటాంది సార్. నేను చెప్తే ఇనది. జర మీరే చెప్పున్రి."

ఇంతలో స్టేజీ మీదికి పిలిచారు. నాలుగడుగులు నడిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టకపోతే బాగుండదని నేనూ కొట్టాను. ఫొటోలో నేను ముఖ్య అతిథి కంటే బాగా పడ్డాను.

సభ ముగియగానే ఆమెకు ఫోన్ చేశాను. కాలు ముందే వచ్చిందని, ఫొటో కోసం నేనే ఆపానని, అన్నిసార్లూ అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను.

"మీరెందుకు ఆపుతరు సార్, ఇచ్చేటోళ్లు" అన్నదామె. "మమ్ముల నిమ్మలం జెయ్యాలని అట్ల అంటాన్రు."

నిజమేనమ్మా అని మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఓపిగ్గా విన్నది. వచ్చే జాతర దాకా ఒక్కపూటే తింటానని, మా క్లబ్బు చల్లగుండాలని చెప్పి ఫోన్ పెట్టేసింది.