కొంగున ముడేసిన కార్డు

మన దిల్‌సుఖ్‌నగర్ ఇంట్లో పైన అద్దెకుండి, కోడల్ని అస్తమానం తిట్టే ముసలామె గురించి అడిగావు కదమ్మా. "పిల్లకు నాలుగేండ్లొచ్చె, ఇంకోడు ఎప్పుడు పుడ్తడే?" అని కొడుకు ఇంట్లో ఉన్నప్పుడే గట్టిగా అందుకునేది.

ఒకసారి కోడలికి కడుపునొప్పి వస్తే ఆ అత్తాకోడళ్లతో ఎల్బీనగర్ ఆసుపత్రికి నేనూ తోడెళ్లాను. కాన్పు తర్వాత మళ్లీ పిల్లలు పుట్టకుండా వేసిన కాపర్-టీ కార్డు ఇమ్మంది నర్సు. అత్త తన కొంగుముడి విప్పి తీసిచ్చింది.

"బాగనే ఉంది, ఇంకో ఆరేండ్లు పనిచేస్తది," అంది నర్సు, కోడల్ని పరీక్ష చేసి.

"మరి రోజూ ఆ తిట్లేంటి?" అన్నాను అత్తతో, బయటికొచ్చి బస్టాపులో నిలబడ్డాక.

"నా కొడుక్కి అనుమానం రావద్దు గదక్కా. వాడికి మగపిల్లగాడు కావాలె. ఇదేమో తొలికాన్పుకే నెత్తురంత పోయి సచ్చి బతికింది. ఇద్దరం అనుకోనే ఏయించినం."

"నీకెన్ని కాన్పులు?"

"ఏడు."

"నీకోసం ఎవరూ ఇలా కార్డు దాచలేదా?" అన్నాను. ఆమె కార్డును మళ్లీ కొంగున ముడేసుకుంటూ బస్సు వచ్చే వైపు చూసింది.