చెవి ఒక్కటే దొరికిన మనిషి

మా నాన్న మనుషుల ముఖాలకు వెలుగు పెట్టేవాడు. నేను ఆ ముఖాల మీది మచ్చలు తీసేసేదాన్ని. చిలకలూరిపేట బస్టాండుకు దగ్గర్లో ఉండేది మా స్టూడియో. రంగుల ఫోటోలు అప్పటికే వచ్చేశాయి. అయినా చనిపోయిన పెద్దలు మాత్రం నలుపు తెలుపుల్లోనే గోడకు వేలాడాలని మా చుట్టుపక్కల ఊళ్ళ నమ్మకం. రంగుల్లో ఉంటే ఇంకా బతికే ఉన్నట్టు అనిపిస్తుందట.

నాన్నకున్నవి రేకు డిప్పల్లో బిగించిన రెండు పెద్ద బల్బులు, వాటి ముందు కట్టే ఒక తెల్ల దుప్పటి. ముక్కు నీడ తను చెప్పిన చోట పడేదాకా ఎంతటివాణ్ణయినా గడ్డం పట్టుకుని తిప్పేవాడు. మిరపకాయల కాలంలో బస్తాల లారీ వీధిలోంచి వెళ్ళిందంటే స్టూడియోలో ఉన్నవాళ్ళందరూ తుమ్మేవాళ్ళు. నాన్న కెమెరా పక్కన నిలబడి, పెళ్ళికొడుకైనా సరే, "కానివ్వండి, అన్నీ తుమ్మేయండి" అని ఓపిగ్గా ఎదురుచూసేవాడు. నా మీద మాత్రం ఆ ఓపికలో పిసరంత కూడా చూపించేవాడు కాదు.

నా బల్ల కిటికీ పక్కన ఉండేది. వాలుగా పెట్టిన గాజుపలక మీద నెగెటివ్ పరిచి, సూదిలా చెక్కిన పెన్సిలుతో చుక్కలు పెట్టేదాన్ని. పెన్సిలు పడినచోట ప్రింటులో తెల్లబడుతుంది. బ్లేడుతో గీకినచోట నల్లబడుతుంది. ఎన్ని మశూచి గుంటలు పూడ్చానో, ఎంతమంది అత్తగార్లకు పదేళ్ళు తగ్గించానో! ఉన్న ముఖాన్ని బాగుచేయడం నాకు వచ్చు. లేని ముఖాన్ని తీసుకురావడం నాకెవరూ నేర్పలేదు.

ఆ పని నెత్తినేసుకుని ఒకరోజు మార్టూరు వైపు పల్లె నుంచి ఒక కుటుంబం బస్సు దిగింది. ఒక ముసలమ్మ, ఆమె ఇద్దరు కొడుకులు, ఆడపడుచు, మరిది. ముసలమ్మ భర్త పోయి ఏడాది కావస్తోంది. చర్చివాళ్ళందరినీ పిలిచి జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుంటున్నారు. గోడకు పటం కావాలి. పాత ఫోటో ఏదన్నా ఉందా అని నాన్న అడిగితే, బడిపంతులుగా పనిచేస్తున్న పెద్దకొడుకు సంచిలోంచి చర్చి క్రిస్మస్ గ్రూపు ఫోటో తీశాడు. అది మా నాన్న తీసిందే.

"రెండో వరసలో ఈయనేనండి మా నాన్న," అని వేలు పెట్టి చూపించాడు.

ఆ వేలి కింద కాగితం నక్షత్రం ఉంది. ముందు వరసలో ఎవరో ఆడపిల్ల దాన్ని గర్వంగా పైకెత్తి పట్టుకుంది. దాని పక్కనుంచి ఒక భుజమూ, ఒక ఎడమ చెవీ కనిపిస్తున్నాయి. చెవి అంచు చీలి ఉంది. ఎప్పుడో ఎద్దు కొమ్ము తగిలిందట. ఆ మనిషి జన్మలో దిగిన ఫోటో అదొక్కటే.

"చెవి ఉంది గదండీ. మిగతాది మీరు చూసుకోండి," అన్నాడు పెద్దకొడుకు.

గుండీ చేతికిచ్చి చొక్కా కుట్టమన్నట్టుంది. నాకు ఒళ్ళు మండింది. "వేరే స్టూడియో చూసుకోండి" అనబోతుంటే, అప్పటిదాకా బెంచీ చివర ఒదిగి కూర్చున్న ముసలమ్మ నోరు విప్పింది.

"మర్చిపోతన్నానమ్మాయ్. మొన్నమొన్నటిదాకా కళ్ళు మూసుకుంటే వచ్చేవాడు. ఇప్పుడు మసక మసగ్గా వస్తన్నాడు. రేపోమాపో అసలు రాడు."

నా కోపం ఎటుపోయిందో తెలియదు. నాన్న అప్పటికే భూతద్దం పెట్టి చెవిని చూస్తున్నాడు. ఆయన బెంగ వేరు. "ఈ చెవికి కొట్టింది పొద్దుటి ఎండ. ముఖానికి కరెంటు దీపం కొడితే ఒకే తలకాయ మీద రెండు పొద్దులు పొడుస్తాయి," అని గొణుక్కున్నాడు. అంటే ఒప్పుకున్నట్టే.

పోయినాయన పోలికలు మరిదిలో ఉన్నాయని అందరూ అన్నారు. ఆయన్ని కూర్చోబెట్టి ఫోటో తీసి, దానికి ఈ చెవిని అంత సైజుకు పెంచి అతికించి, అతుకు కనపడకుండా కుంచెతో దిద్ది, మళ్ళీ మొత్తాన్ని ఫోటో తీయాలి. ఆ కొత్త నెగెటివ్ మీద నా పెన్సిలు పనిచేయాలి. ఉపాయం బాగానే ఉంది. మరిది మాత్రం దుప్పటి వెనక వెలుగుతున్న బల్బులను చూసి బిగుసుకుపోయాడు.

"చచ్చిపోయినోడి లెక్కన నేను కూర్చోవాలా? నేను బతికే ఉన్నానని ఫోటోలో తెలియాలండీ!"

"తెలియకూడదు. అదే గదా పని," అన్నాడు నాన్న, ఆయన గడ్డం తిప్పుతూ.

"పోనీ కాస్త నవ్వుతా."

"నవ్వితే నీ పటమవుద్ది."

మీసం తీయమంటే ససేమిరా అన్నాడు. పోయినాయనకు మీసం లేదు. సరే, మీసం నేను పెన్సిలుతో పూడుస్తానన్నాను. అయినా నమ్మకం కుదరక, మీసంతో నవ్వుతున్న ఫోటో విడిగా ఒకటి తీయించుకుని సాక్ష్యంగా జేబులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత మొదలైంది అసలు బాధ. నమూనా ప్రింటు చూడ్డానికి అందరూ మళ్ళీ బస్సెక్కి వచ్చారు. చూడగానే ఆడపడుచు, "మా అన్నయ్య ముక్కు ఇంత బండగా ఉండదు, నా ముక్కు చూసి వెయ్యి" అని నా బల్ల ముందు పక్కకు తిరిగి కూర్చుంది. చిన్నకొడుకు తన గడ్డం చూపించాడు. పెద్దకొడుకు తన నుదురు అచ్చం నాన్నదేనంటూ జుట్టు వెనక్కి దువ్వి పట్టుకున్నాడు. పెన్సిలు పెట్టాను, బ్లేడుతో గీకాను. ఆ పటానికి కుటుంబమంతా తలా ఒక ముక్క చందా వేసింది. చివరికి తయారైన మనిషి హుందాగానే ఉన్నాడు. ఎవరో ఏమిటో మాత్రం నాకు అంతుపట్టలేదు.

ముసలమ్మను కళ్ళ గురించి అడిగాను. ఆమె తెల్లబోయింది.

"నేనెప్పుడు ఎదురుగా చూశానమ్మాయ్? చేనుకి పోయేటప్పుడు ఆయన ముందు, నేను ఎనకాల. సైకిలెక్కినా ఎనకే కూకునేదాన్ని. తిట్టేటప్పుడు తలొంచుకునేదాన్ని."

ఇంతలో పెద్దకొడుక్కి కొత్త ఆలోచన వచ్చింది. "చెవి కూడా పూడ్చేయండి. పునరుత్థాన దినాన నాన్న పరిపూర్ణమైన దేహంతో లేస్తాడు. పటం కూడా అట్టాగే ఉండాలి," అన్నాడు.

"ఆ దినం సంగతి నాకు తెలియదండి. మీ కూడిక ఆదివారమన్నారు," అన్నాడు నాన్న. ఉన్నది ఉన్నట్టుగా ఆ ముఖంలో మిగిలింది చెవి ఒక్కటే. దాన్ని కూడా పూడ్చమంటారా అని నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. మాటామాటా పెరిగి, పేటలోనే ఏదో పనిమీదున్న వాళ్ళ పాస్టరుగారిని తీర్పు చెప్పమని పిలుచుకొచ్చారు.

అయ్యగారు కళ్ళజోడు సవరించుకుని పటాన్ని చాలాసేపు చూశారు. "ఎవరీయన?" అని అడిగారు.

పెద్దకొడుకు గబగబా చెవి సంగతి ఎత్తుకున్నాడు. విషయం చెవిదని తెలిశాక ఆయన ముఖం తేటపడింది. "తనను పట్టుకోడానికి వచ్చినవాడి చెవి తెగితే ప్రభువే అతికించాడు గదయ్యా. పూడ్చడంలో తప్పేమీ లేదు," అన్నారు. పెద్దకొడుకు నావైపు గెలిచినట్టు చూశాడు. నేను పెన్సిలు చెక్కడం మొదలుపెట్టాను. అప్పటికే సూదిలా ఉన్నా ఇంకా చెక్కుతూనే ఉన్నాను.

ముసలమ్మ బెంచీ మీంచి లేచి వచ్చి, నెగెటివ్‌కు అడ్డంగా అరచేయి పెట్టింది.

"ప్రభువు అతికిస్తే అతికించనీండి అయ్యగారూ. అక్కడ అందరి చెవులూ బాగుంటే, అంతమందిలో ఆయన్ని నేనెట్టా కనుక్కునేది?"

అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. వీధిలో మిరపకాయల లారీ వెళ్తోంది గానీ, ఆ క్షణాన ఒక్కరూ తుమ్మలేదు. "చెవిని అట్టాగే ఉండనియ్యమ్మా," అన్నారాయన చివరికి, నాతో.

కూడికకు నాన్న, నేనూ వెళ్ళాం. పటానికి బంతిపూల దండ వేశారు. సరిగ్గా దాని కిందే మరిది కూర్చున్నాడు. మీసం మునుపటికి రెట్టింపు పెంచుకొచ్చాడు. అయినా వచ్చిన ఆడవాళ్ళు పటాన్నీ ఆయన్నీ మార్చి మార్చి చూసి, ఎవరికోసం ఏడవాలో తేలక కాస్త తడబడ్డారు. ఆయన జేబులోంచి సాక్ష్యం తీసి అందరికీ చూపిస్తూనే ఉన్నాడు.

ప్రార్థన అయ్యాక ముసలమ్మ పటం దగ్గరికి వచ్చింది. దండ పక్కకు జరిపి, మరిది ముఖాన్నీ ఆడపడుచు ముక్కునూ కొడుకుల నుదుటినీ గడ్డాన్నీ అన్నిటినీ అరచేత్తో కప్పేసింది. చీలిన చెవి ఒక్కటే బయట ఉంది. "ఇదుగో, వచ్చాడు," అంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఆమె మునివేళ్ళ మీద లేచి, చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెప్పింది. ఆ మాటేమిటో మాకెవరికీ వినపడలేదు. కింద కూర్చున్న మరిది మాత్రం తన ఎడమ చెవి తడుముకున్నాడు.